కంపెనీ లాలో సెక్షన్ నంబర్లు బట్టీ పట్టాల్సిందేనా?

సీఏఇంటర్_గుంటూరు: ఈసారి సీఏ ఇంటర్ లా పేపర్లో 36 వచ్చాయి. పాసవ్వాలంటే 40 రావాలి. అకౌంట్స్‌లో 71 వచ్చినా ఏం లాభం? 2013 కంపెనీల చట్టంలో 470 సెక్షన్లు. లెక్కలు చూసుకునేవాడికి ఇవన్నీ ఎందుకండీ?

ట్రయల్_బ్యాలెన్స్: ఎందుకో చెబుతాను తమ్ముడూ. ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) మొదటి ఏడాది ఒక ప్రైవేట్ కంపెనీ ఆడిట్‌కి వెళ్లాను. ‘అడ్వాన్సులు - ఇతరులు’ కింద 42 లక్షలు. టోటల్ కలిసింది, టిక్ పెట్టేశాను. మా సార్ లెడ్జర్ తెరిపించారు. అన్నీ ఎండీ గారి ఇల్లు కట్టే మేస్త్రీకి వెళ్లిన చెక్కులే! సార్ నా చేతిలో పెన్ను తీసుకుని ఆ లైను పక్కన ‘185’ అని రాశారు. డైరెక్టరుకి కంపెనీ అప్పు ఇవ్వడాన్ని కట్టడి చేసే సెక్షన్ అది. నాకు ఆ నంబరే తెలియదు.

మూసీ_ఒడ్డు: ప్రైవేట్ కంపెనీకి 185 వర్తించదు.

ట్రయల్_బ్యాలెన్స్: ఆ మినహాయింపుకి షరతులున్నాయి. 2015 జూన్ 5 నోటిఫికేషన్ చూడండి. వాటాల్లో వేరే కంపెనీ డబ్బు ఉండకూడదు, అప్పులు పరిమితి దాటకూడదు, వాటి వాయిదాలు తప్పకూడదు. వీళ్లు అప్పటికే బ్యాంకు వాయిదాలు ఎగ్గొట్టారు.

మూసీ_ఒడ్డు: ఆ ముక్క ముందే చెప్పాలి కదా.

బీకాం_మాస్టారు: సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తు చేసుకోండి. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజుగారు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లేని నగదు 5,040 కోట్లు ఉన్నట్టు పుస్తకాల్లో చూపించారు. ఇప్పుడు మోసం కనబడితే ఆడిటర్ రిపోర్టు చేయాలని సెక్షన్ 143(12) చెబుతోంది. చదవకపోతే ఎలా?

సీఏఇంటర్_గుంటూరు: చదవనని ఎవరన్నారు? అందరూ నాకు బద్ధకమనే అనుకుంటున్నారు! పదో తరగతి దాకా తెలుగు మీడియం నేను. ‘నాట్‌విత్‌స్టాండింగ్’ (అయినప్పటికీ) అని మొదలైన వాక్యం పది లైన్లు పోతుంది. చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో గుర్తుండదు. విషయం తెలుసు, రాయలేకపోతున్నాను. హిందీవాళ్లు హిందీలో రాసుకోవచ్చు. తెలుగులో రాయనివ్వరెందుకు?

ట్రయల్_బ్యాలెన్స్: తెలుగులో రాసి ఏం చేస్తావు? కంపెనీ ఏటా లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారం నింపేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. క్లయింటుకి నోటీసు వచ్చేదీ ఇంగ్లీషులోనే.

సీఏఇంటర్_గుంటూరు: మా బాబాయి కూడా అలాంటి ఇంగ్లీషు కాగితం మీదే సంతకం పెట్టి డైరెక్టరయ్యాడు. ఏటా కంపెనీ రిటర్నులు వేయాలని ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు వేయలేదు. 2017లో సెక్షన్ 164(2) కింద ఐదేళ్లు డైరెక్టరు పదవికి అనర్హుడన్నారు. జాబితాలో పేరు చూసి నాకు ఫోన్ చేసి ‘నేనేం తప్పు చేశాన్రా’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ కోర్సులో చేరాను. నాకు చట్టం వద్దని కాదు, అర్థమయ్యే భాషలో కావాలి.

మూసీ_ఒడ్డు: నాదీ తెలుగు మీడియమే. రెండుసార్లు పోయింది.

ట్రయల్_బ్యాలెన్స్: బాబాయి గారి సంగతి వింటే బాధేసింది. ముందే చెప్పి ఉంటే అంత గట్టిగా అనేవాణ్ణి కాదు. ఆదివారం 164, 185 రెండూ ఇక్కడే తెలుగులో విడమర్చి రాస్తాను. పరీక్షలో మాత్రం ఇంగ్లీషులోనే రాయి.

సీఏఇంటర్_గుంటూరు: తప్పకుండా చూస్తాను అన్నా. పరీక్ష భాష సంగతి మాత్రం ఒప్పుకోను.