అప్‌డేట్: కోడింగ్ రౌండ్‌లో టైమ్ లిమిట్ దాటడం, కావలిలో కరెంటు పోతే నెట్ తెగడం

నేను ముందు అడిగినవి రెండు. ఒకటి, ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షలోని ఈ లెక్క: ఒక సంఖ్యల జాబితాలో పక్కపక్కనే ఉన్న సంఖ్యల ముక్కలు తీసుకుంటే, మొత్తం 'కే' అనే ఇచ్చిన సంఖ్యకి సమానమయ్యేవి ఎన్ని? నా కోడ్‌కి చిన్న టెస్టులు పాసై, పెద్దవి టైమ్ చాలక ఆగిపోయేవి. రెండోది, కరెంటు పోగానే నెట్ తెగడం. సలహాలిచ్చిన అన్నలకూ అక్కలకూ చాలా థ్యాంక్స్, ఇప్పుడు అన్నీ పాసవుతున్నాయి.

కోడ్ ఆగిపోవడానికి కారణం ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు లూపులే. లక్ష సంఖ్యలుంటే దాదాపు 500 కోట్ల ముక్కలు చూడాలి, పైథాన్‌లో అది అయ్యే పని కాదు. ప్రిఫిక్స్ సమ్ (మొదటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన మొత్తం), హ్యాష్ మ్యాప్ (ఏ మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో రాసుకునే పట్టిక) వాడితే ఒక్క లూపు చాలు. మ్యాప్‌లో ముందే సున్నాకి 1 పెట్టాలి, లేకపోతే మొదటి నుంచి మొదలయ్యే ముక్కలు లెక్కలోకి రావు. ప్రతి అడుగులో ముందు మ్యాప్‌లో 'సమ్ మైనస్ కే' కోసం వెతికి, అది ఎన్నిసార్లు ఉంటే అంత జవాబుకి కలిపి, ఆ తర్వాతే ఇప్పటి సమ్‌ను మ్యాప్‌లో చేర్చాలి. వరస మారితే కే సున్నా అయినప్పుడు జవాబు పెరిగిపోతుంది. స్లైడింగ్ విండో (ముక్క రెండు చివరలను ముందుకు జరుపుతూ పోయే పద్ధతి) చెప్పినవారికి: నెగెటివ్ సంఖ్యలుంటే అది పనిచేయదు.

ఇక నెట్. కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలోనే ఫైబర్ నెట్ బాక్స్ రీస్టార్ట్ అయ్యేది. దానికి విడిగా చిన్న డీసీ యూపీఎస్ (బాక్స్‌కి నేరుగా కరెంటిచ్చే చిన్న బ్యాటరీ) పెడితే సరిపోయింది. కొనేముందు నెట్ బాక్స్ అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్‌కి అది సరిపోతుందో చూసుకోండి. పరీక్షకి ముందే ఫోన్ హాట్‌స్పాట్ కూడా కలిపి చూసుకోవడం మంచిది.