ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్ళాక మన భాషవాళ్ళకి దూరంగా ఉండాలా?

మూడోవారం
మా కాలేజీ నుంచి ఒక్క సెమిస్టర్ చదవడానికి ఎక్స్‌ఛేంజ్ మీద విదేశీ యూనివర్సిటీకి వచ్చి 20 రోజులైంది. ఇక్కడ మన భాష మాట్లాడేవాళ్ళం పద్నాలుగు మందిమి. వాట్సాప్ గ్రూపు ఉంది. దిగిన రోజు స్టేషన్‌కి వచ్చి నా పెట్టెలు మోసింది వాళ్ళే. సాయంత్రమైతే అందరం ఒకే గదిలో చేరతాం. నిన్న ఒక సీనియర్ పక్కకి పిలిచి, "ముందు ఆ గ్రూపులోంచి బయటికి రా. లేకపోతే ఐదు నెలలూ ఇంట్లో ఉన్నట్టే గడిచిపోతాయి, ఇంత దూరం వచ్చి ఏం లాభం?" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. క్లాసులో గ్రూప్ వర్క్ అంటే నాకు నోరు పెగలడం లేదు, అది మాత్రం నిజం. గ్రూపు వల్లే అంటారా? వదిలెయ్యమంటారా?

గట్టుదాటినవాణ్ణి
వదిలెయ్యండి.
నేను ఏడాది ఎక్స్‌ఛేంజ్ చేశాను. మొదటి సెమిస్టర్ మొత్తం మనవాళ్ళతోనే. అక్కడి భాష ఏ1 స్థాయిలో, అంటే అన్నిటికంటే కింది మెట్టులో వెళ్ళాను, డిసెంబర్‌కి కూడా ఏ1లోనే ఉన్నాను. అప్పుడు గ్రూపులో చాలామంది సెమిస్టర్ ముగిసి వెళ్ళిపోయారు. చూసుకుంటే నా కారిడార్‌లో పేరు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. నాలుగు నెలలు ఆ తలుపుల ముందు నుంచే నడిచాను! రెండో సెమిస్టర్‌లో గత్యంతరం లేక బయటివాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టా. వేసవికి బీ1 పరీక్ష గట్టెక్కా, అంటే రెండు మెట్లు పైకి. మనవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మంచివాళ్ళు కావడమే సమస్య. వాళ్ళ మధ్య ఎంత హాయిగా ఉంటుందంటే, ఇంకెక్కడికీ వెళ్ళబుద్ధి కాదు.

రాత్రిలైబ్రరీ
అస్సలు ఒప్పుకోను. గట్టుదాటినవాణ్ణి గారు రెండో సెమిస్టర్‌లో ధైర్యంగా మాట్లాడగలిగారంటే, మొదటి సెమిస్టర్‌లో ఎవరో దగ్గరుండి ఆయన్ని నిలబెట్టారు కాబట్టే. ఆ ఖర్చు ఆయన లెక్కలో రాసుకోలేదు.

నా సంగతి చెప్తా. నివాసం నమోదు చేసుకోవాలంటే అద్దె ఒప్పందం చూపించమన్నారు. అద్దె ఒప్పందానికి అక్కడి బ్యాంకు ఖాతా అడిగారు. బ్యాంకుకి వెళ్తే నివాసం నమోదైన కాగితం తెమ్మన్నారు. పది రోజులు ఈ గానుగలో తిరిగా. దాన్నుంచి నన్ను బయటికి లాగింది యూనివర్సిటీ పంపిన నలభై పేజీల పీడీఎఫ్ కాదు, మన గ్రూపులో అంతకుముందు ఏడాది వచ్చిన ఒక అక్క. ఏ కౌంటర్‌కి ముందు వెళ్ళాలో ఒక్క వాక్యంలో చెప్పింది.

ఇంకో మాట. స్టీఫెన్ బాక్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు హవాయిలో చదివే విదేశీ విద్యార్థుల స్నేహాల మీద 1977లో ఒక వ్యాసం రాశారు. వాళ్ళకి మూడు రకాల స్నేహాలు కనిపించాయి. మనసు విప్పుకోవడానికీ, మన పద్ధతిలో మనం ఉండటానికీ మనవాళ్ళు. చదువుకి, ఆఫీసు పనులకి అక్కడి విద్యార్థులు. సరదాకి, తిరగడానికి వేరే దేశాలనుంచి మనలాగే వచ్చినవాళ్ళు. ఎవరి పని వాళ్ళది. ఒకరి పని ఇంకొకరు చెయ్యరు. మొదటి రకాన్ని కోసేస్తే మిగతా రెండూ వాటంతటవే పెరుగుతాయని అందులో లేదు.

గట్టుదాటినవాణ్ణి
స్నేహాలు మూడు రకాలు, సరే. రోజుకి సాయంత్రం మాత్రం ఒక్కటే ఉంది కదండీ. అది ఎవరికి పోతోంది?

కెరటం
ఎందుకండీ ఇంత గొడవ! ఇది యూ-కర్వ్, ఇంగ్లీషు U అక్షరంలా కిందికి దిగి పైకి లేచే గీత. మొదటి నెల హనీమూన్, మూడో నెల పాతాళం, తర్వాత నెమ్మదిగా పైకి తేలతారు. సైకాలజీలో నిరూపించారు. గ్రూపులో ఉన్నా లేకపోయినా జరిగేది అదే.

పాతపుస్తకం
"నిరూపించారు" దగ్గర కాస్త ఆగండి. ఆ గీతకి మూలం 1955లో స్వెర్రె లిస్‌గార్డ్ రాసిన వ్యాసం. ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద అక్కడికి వెళ్ళొచ్చిన 200 మంది నార్వేవాళ్ళ అనుభవాల మీద రాశాడు. 6 నెలల లోపు ఉన్నవాళ్ళూ, 18 నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగానే కుదురుకున్నారు. మధ్యవాళ్ళు అంతగా కుదురుకోలేదు. అయితే ఒకే మనిషి నెలనెలా ఎలా మారాడో ఆయన చూడలేదు. వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలం ఉండి వచ్చారు, అంతే. పైగా ఐదు నెలల ఎక్స్‌ఛేంజ్‌వాళ్ళు ఆయన లెక్క ప్రకారం ఆ పాతాళం అంచుకి రాకముందే విమానం ఎక్కేస్తారు!

హనీమూన్ అనే మాట కల్చర్ షాక్ గురించి రాసిన ఓబర్గ్‌ది. అది కూడా అందరికీ వర్తించదు. 1998లో కొలీన్ వార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం న్యూజిలాండ్ వచ్చిన జపాన్ విద్యార్థుల మీద చేసిన పరిశీలన ప్రచురించింది. దిగిన 24 గంటల్లో మొదలుపెట్టి ఏడాదిలో మళ్ళీ మళ్ళీ అడిగారు. దిగులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఎప్పుడనుకున్నారు? దిగిన కొత్తలోనే.

కాబట్టి మూడోవారం తమ్ముడూ, "ఇది హనీమూన్ కాలం కదా, నాకెందుకు బాగోలేదు" అని కంగారు పడకు. చాలామందికి మొదట్లోనే కష్టం.

కెరటం
యూట్యూబ్‌లో చూసిందే చెప్పానండీ. వెనక్కి తీసుకుంటున్నా.

క్రెడిట్లలెక్క
అడిగింది రెండు ప్రశ్నలు. అందరూ గ్రూపు వదలాలా వద్దా అన్నదాని మీదే పడ్డారు. క్లాసులో నోరు పెగలడం లేదన్నారు కదా, దాని సంగతేంటి?

నాకూ అంతే ఉండేది, భాష వల్లే అనుకున్నా. కాదు. 1989లో ఎరాస్మస్ (యూరప్ విద్యార్థుల ఎక్స్‌ఛేంజ్ పథకం) కోసం మొదలైన యూరప్ క్రెడిట్ పద్ధతి చూడండి. ఏడాదికి 60, అంటే సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. గుణిస్తే సెమిస్టర్‌కి 750 నుంచి 900 గంటలు. నా టైమ్‌టేబుల్‌లో మాత్రం వారానికి పద్నాలుగు గంటలే క్లాసులు. మిగతాదంతా ఖాళీ అనుకుని సంబరపడ్డా. ఆ ఖాళీలోనే చదివి రావాలని నాకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళకి అది చెప్పాల్సిన విషయంలా కూడా అనిపించదు. సెమినార్‌కి ముందు ఇచ్చిన వ్యాసాలు చదవకుండా వెళ్తే మాతృభాషలో అయినా నోరు పెగలదు. చదివి వెళ్ళిన మొదటి వారమే తేడా తెలిసింది. ఒక చిన్న చిట్కా: మొదటి పది నిమిషాల్లో ఏదో ఒకటి అనెయ్యండి, ప్రశ్నైనా పర్లేదు. గంట దాటాక నోరు తెరవడం చాలా కష్టం.

మూడో వారం అంటున్నారు కాబట్టి ఇంకో సంగతి, ఇది అన్నిటికంటే ముఖ్యం. సబ్జెక్టు ఏదైనా మార్చుకుని ఉంటే లెర్నింగ్ అగ్రిమెంట్‌లో, అంటే అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతారో రాసుకున్న ఒప్పందంలో కూడా మార్పించండి. మీరు, పంపిన యూనివర్సిటీ, చేర్చుకున్న యూనివర్సిటీ, ముగ్గురూ ఒప్పుకోవాలి. నేను ఒక సబ్జెక్టు మార్చుకుంటే మా కోఆర్డినేటర్ మెయిల్‌లో "సరే" అన్నారు. అదే చాలనుకున్నా. తిరిగొచ్చాక ఆ 6 క్రెడిట్లు లెక్కలోకి రావన్నారు. ఒక సెమిస్టర్ తర్వాత జూనియర్లతో కూర్చుని మళ్ళీ పరీక్ష రాశా. స్నేహాల సంగతి ఎప్పుడైనా సర్దుకోవచ్చు, దీనికి గడువుంది.

ఎదురుగది
నేను కూడా విద్యార్థిగానే వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మూడేళ్ళు మా యూనివర్సిటీలో కొత్తగా వచ్చినవాళ్ళకి తోడుండే బడ్డీ ప్రోగ్రామ్‌లో పనిచేశాను. కాబట్టి అటువైపు మాట కూడా చెప్తా.

ఇక్కడివాళ్ళు మిమ్మల్ని పట్టించుకోవడం లేదంటే అది పొగరు కాదు. వాళ్ళకి స్నేహితులు ఎప్పటినుంచో ఉన్నారు. అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడినుంచి వచ్చావు?" రెండోది "ఎప్పటిదాకా ఉంటావు?" ఐదు నెలలు అనగానే మొహంలో ఏదో ఆరిపోతుంది, గమనించే ఉంటారు. స్వాగతం పార్టీలకి వెళ్తే అక్కడ ఉండేది అంతా ఎక్స్‌ఛేంజ్‌వాళ్ళే, వాళ్ళతో స్నేహం ఎలాగూ కుదురుతుంది. ఇక్కడివాళ్ళతో కుదరాలంటే ప్రతి వారం అదే సమయానికి అదే మనుషులు వచ్చే చోటికి వెళ్ళాలి. కోరస్, చెస్, పడవ నడపడం, ఏదైనా. మొదటి వారం ఎవరూ పలకరించరు, రెండో వారం తల ఊపుతారు, నాలుగో వారం "పోయినసారి రాలేదేం?" అంటారు. ఆ మాట అన్నారంటే మీరు వాళ్ళ లెక్కలోకి వచ్చినట్టే. అందుకే ఒక సెమిస్టర్‌కి వచ్చినవాళ్ళు మూడో నెలలో మొదలుపెడితే ఆలస్యం.

గట్టుదాటినవాణ్ణి
నిజం ఒప్పుకుంటా. రెండో సెమిస్టర్‌లో నాకు మాటలొచ్చింది ఒంటరితనం వల్ల కాదు, మంగళవారం టేబుల్ టెన్నిస్ వల్ల. కానీ గ్రూపు ఉండి ఉంటే ఆ మంగళవారం నేను గది దాటేవాణ్ణి కాదు. ఈ ముక్క మాత్రం వదలను.

రాత్రిలైబ్రరీ
నేను గ్రూపు ఉండగానే వెళ్ళాను. అదే గ్రూపులో ఒకర్ని లాక్కుని మరీ.

మూడోవారం
ముందుగా, తమ్ముడు కాదండీ పాతపుస్తకం గారూ, చెల్లిని.

గ్రూపు వదల్లేదు, మ్యూట్‌లో పెట్టా. మంగళ, గురువారాలు సాయంత్రం రానని చెప్పా. ఒకరు అలిగారు, ఒకరు "నేనూ వస్తా" అన్నారు. నిన్న కోరస్‌కి వెళ్ళాం. పక్కన నిలబడ్డ అమ్మాయి పేరు మూడుసార్లు అడిగా, ఇప్పటికీ సరిగ్గా పలకలేకపోతున్నా. తనూ నా పేరుతో అంతే అవస్థ పడింది.

సెమినార్‌కి ఇచ్చిన వ్యాసాలు రెండూ తెరిచి కూడా చూడలేదు, తప్పు నాదే.

క్రెడిట్లలెక్క గారూ, మీరు చెప్పాక అగ్రిమెంట్ తీసి చూశా. రెండు సబ్జెక్టులు మారాయి, కాగితం మీద పాతవే ఉన్నాయి. మార్పులకి ఈ శుక్రవారమే ఆఖరు. మా కాలేజీలో కోఆర్డినేటర్ సెలవులో ఉన్నారని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఇప్పుడెవర్ని అడగాలి?

క్రెడిట్లలెక్క
ఆ ఆటోమేటిక్ జవాబు కింద వరకు చదవండి, బదులు చూసేవాళ్ళ పేరు ఉండొచ్చు. లేకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్‌కి రాసి, రెండు వైపుల ఎక్స్‌ఛేంజ్ ఆఫీసుల్నీ సీసీలో పెట్టండి. పాత అగ్రిమెంట్, మారిన సబ్జెక్టుల పట్టిక, వాటి సిలబస్ మూడూ జతచెయ్యండి. మెయిల్‌లో "సరే" అంటే ఊరుకోకండి, ఫారం మీద సంతకం కావాలని అడగండి. ఇవాళే పంపండి, శుక్రవారం దాకా ఆగొద్దు.