మా అత్తగారి పుట్టింటివాళ్ళ మూలాలు మెక్సికోలో వెతకాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

శాన్‌ఆంటోనియో_కోడలు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు, పదిహేనేళ్ళ నుంచి టెక్సస్‌లో ఉంటున్నాను. మావారిది మెక్సికన్ కుటుంబం. ఆయనా, మా అత్తగారూ ఇక్కడే పుట్టారు, అత్తగారి నాన్నగారు మాత్రం పిల్లవాడిగా ఉన్నప్పుడు మెక్సికో నుంచి వచ్చారట.

ప్రతి ఏడూ నవంబర్ మొదటి రెండు రోజులూ అత్తగారు బల్ల మీద పోయినవాళ్ళ ఫోటోలు పెట్టి, బంతిపూలు పోసి, కొవ్వొత్తులు వెలిగించి, ఎవరికి ఏది ఇష్టమో అది వండి పెడతారు. అందులో ఒక పాత ఫోటో ఉంది. మీసాలాయన నిలబడి ఉంటాడు, పక్కన కుర్చీలో ఒకావిడ, ఆవిడ ఒళ్ళో చంటిపిల్లాడు. ఆ పిల్లాడే అత్తగారి నాన్న. కూర్చున్నావిడ పేరేంటని అడిగితే "మా నానమ్మ" అన్నారు, అంతే. అత్తగారికి ఆ పేరు తెలీదు. మా ఇంట్లో తద్దినం పెట్టినప్పుడు మూడు తరాల పేర్లు చెప్పి పిండం పెట్టడం చూస్తూ పెరిగిన దాన్ని, ఆ మాట విన్నాక నాకు మనసు ఊరుకోలేదు. అత్తగారికి ఇప్పుడు 78 ఏళ్ళు. వచ్చే నవంబర్‌కి ఆ ఫోటో కింద పేరు రాసి పెట్టాలని నా కోరిక.

నాకు తెలిసింది ఇంతే. (అసలు పేర్లు రాయట్లేదు, మార్తీనెజ్ అనుకోండి.) అత్తగారి నాన్న హోసె మార్తీనెజ్, 1971లో శాన్ ఆంటోనియోలోనే పోయారు. 1927 ప్రాంతంలో హలిస్కో రాష్ట్రం నుంచి వచ్చారు. ఊరు "శాన్ హోసె ఏదో" అని అత్తగారికి లీలగా గుర్తు. డబ్బు కట్టి ఒక సైట్‌లో రెండు నెలలు వెతికాను, వేలమంది హోసె మార్తీనెజ్‌లు వచ్చారు, ఎవరు మావాళ్ళో తెలీక వదిలేశాను. నా స్పానిష్ వంటింటి మాటల వరకే. డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోతుందా?

రఘు_హ్యూస్టన్:

అమ్మా, మా ఆవిడ తరఫు వాళ్ళని నేను ఇలాగే వెతికాను, వాళ్ళది మెక్సికోలోనే గ్వానహ్వాతో రాష్ట్రం. మీరు చేసింది అందరూ మొదట చేసే పనే, పేరు కొట్టి మెక్సికోలో వెతకడం. అది ఆపేయండి. ఊరు తెలియకుండా మెక్సికోలోకి వెళ్ళి లాభం లేదు. ఊరి పేరు అమెరికా కాగితాల్లోనే దొరుకుతుంది, ముందు ఇక్కడివన్నీ తీయండి.

మొదటిది 1971 మరణ ధ్రువపత్రం. టెక్సస్ సర్టిఫికెట్ల మీద పోయినవాళ్ళ తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు రాసే గడులు ఉంటాయి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల సైట్‌లో 1976 దాకా ఉన్నాయి, ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. కానీ ఆ వివరాలు చెప్పింది దుఃఖంలో ఉన్న కొడుకో కూతురో, తప్పులుండొచ్చు, అందుకని దాన్నొక్కదాన్నే నమ్మకండి. ఆయన ఉద్యోగం చేసి ఉంటే సోషల్ సెక్యూరిటీకి పెట్టుకున్న దరఖాస్తు ఉంటుంది, దానికి ఫీజు కట్టాలి, అయినా అది ఆయన స్వయంగా ఇచ్చిన వివరం కాబట్టి ఎక్కువ నమ్మొచ్చు.

రెండోది సరిహద్దు కార్డు. 1927లో వచ్చారంటే లారెడో వంతెన దగ్గరో ఎల్ పాసోలోనో పేరు రాసుకుని ఉంటారు. పుట్టిన ఊరు, వెనక ఊళ్ళో ఉన్న దగ్గరి బంధువు, ఇక్కడ ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఇవన్నీ ఆ కార్డు మీద రాసేవాళ్ళు.

మీకు దొరక్కపోవడానికి అసలు కారణం ఇంటిపేరు అయ్యుండొచ్చు. వాళ్ళకి రెండు ఇంటిపేర్లు ఉంటాయి, ముందు నాన్నది, తర్వాత అమ్మది. హోసె మార్తీనెజ్ రుయిస్ అంటే తండ్రి మార్తీనెజ్, తల్లి రుయిస్. ఇక్కడి గుమాస్తా చివరి మాటే ఇంటిపేరనుకుని రుయిస్ కింద రాసుకుని ఉంటాడు. మా ఆవిడ ముత్తాత కార్డు నాకు ఏడాది పాటు దొరక్కపోవడానికి కారణం అదే. మన ఇంటిపేరు ముందుండటం వల్ల ఇక్కడి ఫారాల్లో మనకొచ్చే ఇబ్బంది తెలుసు కదా, వాళ్ళకీ అదే జరిగింది. ఇంకో సంగతి, వాళ్ళ ఆడవాళ్ళకి పెళ్ళయినా ఇంటిపేరు మారదు, మెక్సికో రికార్డుల్లో పుట్టింటి పేరుతోనే ఉంటారు. అమెరికా రికార్డుల్లో మాత్రం భర్త పేరుతో ఉంటారు. మీరు వెతికే ఆవిడని రెండు చోట్లా రెండు పేర్లతో వెతకాలి.

డీఎన్ఏ తర్వాత చూద్దురు. కాగితాలు లేకుండా ఆ టెస్ట్ ఇచ్చే చుట్టాల జాబితాని ఏం చేసుకోవాలో తెలీదు. హలిస్కో ఎగువ ప్రాంతాల్లో తరతరాలుగా అవే కుటుంబాల మధ్య పెళ్ళిళ్ళు, అందుకని దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు.

అన్నిటికన్నా ముందు అత్తగారిని కూర్చోబెట్టి మాట్లాడించి ఫోన్‌లో రికార్డ్ చేయండి. పేర్లు అడగకండి, పండక్కి ఎవరింటికి వెళ్ళేవాళ్ళు, బాప్తిజం ఎవరు పట్టించారు, నాన్నగారు ఏ చర్చి గురించి చెప్పేవారు, అవి అడగండి.

స్పానిష్_టీచరమ్మ:

రఘు గారు బాగా చెప్పారు. ఊరు దొరికాక ఏం చెయ్యాలో నేను చెప్తాను, ఇరవై ఏళ్ళుగా ఈ చేతిరాతలు చదువుతున్నాను.

మెక్సికోలో రెండు రకాల పుస్తకాలు. చర్చి పుస్తకాలు పాతవి. బాప్తిజం, పెళ్ళి రాసిపెట్టాలని 1563లో కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ సభ కట్టడి చేసింది, అందుకే కొన్ని ఊళ్ళల్లో 1600ల నాటివి కూడా ఉన్నాయి. ప్రభుత్వానివి తర్వాత వచ్చాయి, అప్పటి మెక్సికో అధ్యక్షుడు బెనీతో హువారెస్ 1859లో చట్టం తెచ్చాడు, అయినా చాలా ఊళ్ళలో 1867 తర్వాతే సరిగ్గా రాయడం మొదలైంది. ఒక మనిషికి రెండూ తీయండి. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది.

"శాన్ హోసె" అన్న పేరుతో హలిస్కోలో లెక్కలేనన్ని పల్లెలు. మీకు కావాల్సింది పల్లె పేరొక్కటే కాదు, అది ఏ మునిసిపియో కింద ఉందో, ఏ చర్చి పరిధిలో ఉందో కూడా కావాలి. మన దగ్గర కొత్తపల్లి అంటే ఏ మండలం అని అడగమూ? అలాగే.

బాప్తిజం పేజీ చూసి కంగారుపడకండి, అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఎడమ అంచున పిల్లవాడి పేరు, పల్లె పేరు. లోపల తేదీ, పాదిరీ పేరు, ఎప్పుడు పుట్టాడు, ఎవరి కొడుకు, తర్వాత "అబువేలోస్ పతేర్నోస్" అంటే నాన్న తరఫు తాత, నానమ్మ, "మతేర్నోస్" అంటే అమ్మ తరఫు వాళ్ళు. చివర్లో పద్రీనోలు, అంటే బాప్తిజం పట్టించిన వాళ్ళు. ఒక్క పేజీలో మూడు తరాలు, మీరు తద్దినం అన్నారు కదా, సరిగ్గా అవే మూడు. పద్రీనోల్ని వదిలెయ్యకండి, వాళ్ళు చాలాసార్లు పెద్దమ్మో బాబాయో అవుతారు.

స్పెల్లింగ్‌ని పట్టుకోకండి. బి, వి ఒకటే, ఎస్, జెడ్ ఒకటే, మరియాని రెండక్షరాలకి కుదించి చుక్క పెడతారు.

ఆయన పుట్టిన ఏడు 1926కి ముందా తర్వాతా? 1926 నుంచి 1929 దాకా క్రిస్తేరో యుద్ధం, అంటే చర్చిని అణిచే ప్రభుత్వం మీద కాథలిక్కుల తిరుగుబాటు, చర్చిలు మూతపడ్డాయి, హలిస్కో దాని గుండెకాయ. బాప్తిజాలు ఇళ్ళల్లో దొంగచాటుగా జరిగేవి. 1927లో ఊరొదిలి వచ్చారంటే కారణం అదే కావచ్చు, అత్తగారిని మెల్లగా అడిగి చూడండి.

శాన్‌ఆంటోనియో_కోడలు:

మూడు వారాలయింది, మళ్ళీ వచ్చాను. రఘు గారూ, మీరన్నట్టే కార్డు అమ్మ ఇంటిపేరు కింద దొరికింది (మీ ఉదాహరణలోలా రుయిస్ అనుకోండి)! లారెడో, 1927, వయసు 15, తండ్రితో కలిసి. ఊరు లాగోస్ దె మొరెనో దగ్గర ఒక రాంచో, అంటే చిన్న పల్లె. అత్తగారికి చూపిస్తే నోట మాట రాలేదు, కార్డు మీద "కుడి కనుబొమ్మ మీద మచ్చ" అని ఉంది, నాన్నకి ఆ మచ్చ ఉండేదని తన కనుబొమ్మ మీద వేలు పెట్టి చూపించారు.

కానీ ఇప్పుడు ఒక టెన్షన్. 1912 ప్రభుత్వ జనన నమోదు దొరికింది, అందులో "ఇహో నాతురాల్" అని ఉంది. మావారు చదివి పెళ్ళి కాకుండా పుట్టినవాడని అర్థం చెప్పారు. అత్తగారు విని లేచి లోపలికి వెళ్ళిపోయారు. వెతకడం తప్పు చేశానేమో అనిపిస్తోంది.

స్పానిష్_టీచరమ్మ:

అయ్యో, వెంటనే ఆవిడకి ఇది చెప్పండి. చట్టం వచ్చాక ప్రభుత్వం దగ్గర చేసుకున్న పెళ్ళికే గుర్తింపు. పల్లెల్లో ఎంతోమంది చర్చిలో పెళ్ళి చేసుకుని, ఊరు దాటి వెళ్ళి రిజిస్టర్ చేయించుకోలేదు. వాళ్ళ పిల్లల్ని ప్రభుత్వ పుస్తకంలో "నాతురాల్" అనే రాసేవాళ్ళు. చర్చి పుస్తకంలో అదే పిల్లవాడు "లెహీతిమో", అంటే పెళ్ళయిన అమ్మానాన్నల బిడ్డ, అని ఉంటాడు. లాగోస్ బాప్తిజం పుస్తకం తీయండి, పేరుతో వెతకొద్దు, 1912 పుస్తకం తెరిచి పుట్టిన రోజు నుంచి పేజీ పేజీ తిప్పండి, చాలాసార్లు కొద్ది రోజుల్లోనే ఉంటుంది.

తర్వాత అమ్మానాన్నల పెళ్ళి ముందు చర్చి జరిపిన విచారణ కాగితాలు వెతకండి, "ఇన్ఫర్మసియోన్ మత్రిమోనియాల్" అంటారు. 1917కి ముందు నాలుగో తరం వరకు చుట్టరికం ఉంటే చర్చి అనుమతి కావాలి, అందుకోసం వంశవృక్షమే గీసి పెట్టేవాళ్ళు. మేనరికాలు చేసుకునే మనకి వింతగా ఉంటుంది కానీ వెతికేవాళ్ళకి అది నిధి.

కార్తీక్_ఒర్లాండో:

మధ్యలో వస్తున్నాను. మావాళ్ళది పోర్టోరికో, ఇదే పద్ధతా?

రఘు_హ్యూస్టన్:

ఇంటిపేర్లు, చర్చి పుస్తకాలు అదే తీరు. ప్రభుత్వ నమోదు మాత్రం అక్కడ 1885లో మొదలైంది. 1898 తర్వాత పోర్టోరికో అమెరికా చేతికి వచ్చింది కాబట్టి 1910 నుంచి అమెరికా జనాభా లెక్కల్లో కూడా ఉంటారు. వేరే పోస్ట్ పెట్టండి, చెప్తాను.

కోడలమ్మా, కొన్ని పేజీలు ఇంట్లో తెరుచుకోకపోతే ఫ్యామిలీసెర్చ్‌తో ఒప్పందం ఉన్న లైబ్రరీలో తెరుచుకుంటాయి. మీ దగ్గర ఏది ఉందో వాళ్ళ సైట్‌లో చూడండి.

శాన్‌ఆంటోనియో_కోడలు:

దొరికింది. నూట నలభై పేజీలు తిప్పాను, రాత్రి ఒంటిగంట అయింది. "ఇహో లెహీతిమో" అని స్పష్టంగా ఉంది. తల్లి పేరు మరియా దె హెసూస్ రుయిస్ (ఇదీ మార్చి రాశాను). ఇద్దరు తాతలు, నానమ్మ, అమ్మమ్మ, నలుగురి పేర్లూ ఉన్నాయి. పద్రీనోల్లో ఒకావిడ రుయిస్, బహుశా ఆవిడ అక్కో చెల్లెలో.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. అంచున పిల్లవాడి పేరు కింద వేరే సిరాతో చిన్న రాత ఉంది. టీచరమ్మ గారికి ఫోటో పంపితే చదివిపెట్టారు. 1936లో శాన్ ఆంటోనియోలో ఫలానా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడని. ఇక్కడి పాదిరీ అక్కడికి కబురు పంపితే, పుట్టినప్పటి పేజీ తీసి పక్కన రాశారన్నమాట. ఊరొదిలి తొమ్మిదేళ్ళయినా ఆ పుస్తకంలో ఆయన పేజీ అలాగే ఉంది. ఆ ఫలానా అమ్మాయి మా అత్తగారి అమ్మ.

పొద్దున అత్తగారికి చదివి వినిపించాను. పేరు రెండుసార్లు పలికించుకున్నారు. "మరియా దె హెసూస్" అంటే ఇంట్లో చూయీ అని పిలుస్తారట, నాన్న ఎప్పుడో "మామా చూయీ" అనేవారని, అది ఎవరో పక్కింటావిడ అనుకున్నానని చెప్పారు. ఫోటో వెనక పెన్సిల్‌తో తనే రాసుకున్నారు. ఇప్పుడు మీసాలాయన అమ్మానాన్నల పెళ్ళి కోసం వెతుకుతున్నాను, 1880ల పుస్తకం, రాత చాలా గజిబిజిగా ఉంది. టీచరమ్మ గారూ, రెండు పేజీలు పంపనా?