ప్రొపియోనేట్ ఇస్తే నూనె తగ్గుతోంది, ఎవరికైనా ఇలా అయ్యిందా?

నిమ్మసోడా: కణాల్లో నూనె దాచుకునే బ్యాక్టీరియా రోడోకాకస్ ఒపాకస్ పీడీ630 పెంచుతున్నాను. బేసి కార్బన్ల కొవ్వు ఆమ్లాలు ఇంకా రావాలని గ్లూకోజ్‌తో పాటు కొంచెం ప్రొపియోనేట్ (మూడు కార్బన్ల ఆమ్లం లవణం) కలిపాను. జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ, కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచే పద్ధతి) లెక్కలో నూనె సగానికి పడిపోయింది. మైక్రోస్కోప్ కింద కొవ్వుకి పట్టే నైల్ రెడ్ రంగు వేసి చూస్తే మాత్రం కణాలు నిండుగా మెరుస్తున్నాయి! మూడుసార్లు చేశా, అంతే. రేపు గైడ్‌తో మీటింగ్, టెన్షన్‌గా ఉంది.

పాత_సెంట్రిఫ్యూజ్: మీడియాలో నత్రజని ఎంతమ్మా? గ్లూకోనేట్ మీద దీని పొడి బరువులో 76 శాతం దాకా కొవ్వు ఆమ్లాలే అని 1996లోనే రాశారు కానీ, అది నత్రజని అయిపోయి కార్బన్ ఇంకా మిగిలి ఉంటేనే. ప్రొపియోనేట్ ఎక్కువైతే అసలు పెరగదు కూడా.

నిమ్మసోడా: రెండిట్లో నత్రజని ఒకటే సార్. పెరుగుదలా బాగానే ఉంది.

గోంగూర_జీసీ: ఇంటర్నల్ స్టాండర్డ్ (లెక్క పోల్చుకోడానికి తెలిసినంత కలిపే పదార్థం) ఏం వేస్తున్నావ్?

నిమ్మసోడా: సీ17, అంటే 17 కార్బన్ల కొవ్వు ఆమ్లం, అక్కా. మా ల్యాబ్‌లో మొక్కల నూనెలకి అందరూ అదే వేస్తారు.

గోంగూర_జీసీ: అక్కడే ఉంది తిరకాసు. మొక్కల నూనెల్లో సీ17 దాదాపు ఉండదు కాబట్టి సరిపోతుంది. నీ బ్యాక్టీరియా మూడు కార్బన్ల ప్రొపియోనిల్‌తో మొదలుపెట్టి రెండేసి కలుపుకుంటూ పోతుంది, అంటే 15, 17 అదే సొంతంగా చేసుకుంటుంది. అది చేసిన సీ17 జీసీ గ్రాఫ్‌లో నీ స్టాండర్డ్ పీక్‌లోనే కలిసిపోయి, ఆ పీక్ పెద్దదయ్యేకొద్దీ మిగతావన్నీ లెక్కలో చిన్నవవుతాయి. స్టాండర్డ్ వేయకుండా ఒక్క శాంపిల్ నడిపి చూడు. ఇకపై సీ13 ట్రైగ్లిజరైడ్ (మూడు కొవ్వు ఆమ్లాలు అతికిన నూనె అణువు) వాడు, అదీ నూనె తీయకముందే వెయ్యి, మిథైలేషన్ (కొవ్వు ఆమ్లాలను జీసీకి వీలైన మిథైల్ ఎస్టర్లుగా మార్చడం) సరిగ్గా అయ్యిందో లేదో కూడా తెలుస్తుంది.

చెన్నై_నుంచి_చందు: నాది ఈ.కోలి గొడవ. సైక్లోప్రొపేన్ ఆమ్లాల కోసం ఆమ్లంతో మిథైలేట్ చేస్తే ఆ మూడు కార్బన్ల ఉంగరం విరిగిపోయి ఏవేవో పీక్‌లు వచ్చాయి, రెండు నెలలు వాటికి పేర్లు పెడుతూ కూర్చున్నా. సోడియం మెథాక్సైడ్‌కి మారాకే తేరుకున్నా, కాకపోతే అది ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లని ముట్టుకోదు. ఇంకోటి, 17 కార్బన్ల సైక్లోప్రొపేన్ ఎస్టర్‌కీ, ఒక డబుల్ బాండ్ ఉన్న సీ17 ఎస్టర్‌కీ మాస్ ఒకటే, 282. డైమిథైల్ డైసల్ఫైడ్ కలిపితే డబుల్ బాండ్ ఉన్నది 376కి జరుగుతుంది, సైక్లోప్రొపేన్‌ది కదలదు.

పాత_సెంట్రిఫ్యూజ్: నైల్ రెడ్‌ని మరీ నమ్మకండి, పీహెచ్ఏ (బ్యాక్టీరియా దాచుకునే ప్లాస్టిక్ లాంటి పదార్థం) రేణువులూ అలాగే మెరుస్తాయి. టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాలను విడదీసే పద్ధతి) ప్లేట్ వేసి అయోడిన్ పట్టిస్తే పది నిమిషాల్లో ట్రైగ్లిజరైడ్ మచ్చ కనిపిస్తుంది.

నిమ్మసోడా: అక్కా, నడిపాను. స్టాండర్డ్ లేకుండానే సీ17 దగ్గర ఇంత ఎత్తు పీక్! గ్లూకోజ్ ఒక్కటే ఇచ్చిన శాంపిల్‌లోనూ చిన్నగా ఉంది, అంటే ఆ లెక్కలూ తప్పే కదా?

గోంగూర_జీసీ: తప్పే. సీ15కీ సీ17కీ ఉన్న నిష్పత్తి పట్టుకుని పాతవి సుమారుగా సరిచేయొచ్చు, మీటింగ్‌కి అది చాలు. థీసిస్‌లో మాత్రం పెట్టకు. ఫ్రీజ్ డ్రై చేసిన కణాలు మిగిలి ఉంటే మళ్లీ నడిపెయ్.

నిమ్మసోడా: మైనస్ 80లో ఉన్నాయి. లేబుళ్లు చెరిగిపోకపోతే.