లండన్ వీధుల కింద రోమన్ సమాధులు: మీరు చూసినవి రాయండి

పాతమట్టి:
రెండేళ్లుగా బిషప్స్‌గేట్ మీదుగా ఆఫీసుకు నడుస్తున్నాను. అది రోమన్ల కాలపు దారి అనీ, నాటి నగర గోడ దాటాక దాని వెంట శ్మశానం ఉండేదనీ ఈ మధ్యే తెలిసింది. ఇలాంటివి చూసినవారు చెప్పండి.

గోదారిగట్టు:
అక్కడికి దగ్గర్లోనే, స్పిటల్‌ఫీల్డ్స్‌లో 1999లో ఒక రాతి శవపేటిక బయటపడింది. దానిలో సీసపు పేటిక, మూత మీద ఆల్చిప్పల నగిషీ. లోపల నాలుగో శతాబ్దపు యువతి. పట్టుబట్ట, బంగారు జరీ ఆనవాళ్లు కూడా దొరికాయి. పళ్ల పరీక్షను బట్టి ఆమె రోమ్‌లో పెరిగి ఉంటుందన్నారు. మ్యూజియంలో ఆమె ఎదుట చాలాసేపు నిలబడిపోయాను. పుట్టినగడ్డకు ఎంత దూరంలో కన్నుమూసిందో తల్లి! ఇక్కడికి వలస వచ్చిన నాకు ఆ మాట మరీ తగిలింది.

కొత్తగా_వచ్చాను:
నగరం నడిబొడ్డున శ్మశానం ఎందుకు పెట్టుకున్నారండీ?

రాతిపలక:
నడిబొడ్డున కాదండీ, పొలిమేరలోనే. ఊళ్లో పూడ్చకూడదు, కాల్చకూడదు అని రోమన్ల పన్నెండు పలకల శాసనంలోనే ఉంది. అందుకే గోడ బయట, దారుల పక్కన సమాధులు కట్టారు. తరువాత నగరమే వాటి మీదికి పెరిగింది. తూర్పున ఆల్డ్‌గేట్ అవతల, పడమట స్మిత్‌ఫీల్డ్, హోల్బోర్న్, నదికి దక్షిణాన సదర్క్, ఎక్కడ పునాది తీసినా ఇదే కథ. హోల్బోర్న్‌లో దొరికిన ఓక్ మంచం గురించి 2024లో ప్రకటించారు. విడదీసి గోతిలో పెట్టిన పాడె లాంటి మంచం అది. బ్రిటన్‌లో పూర్తిగా దొరికినది అదొక్కటే. ఫ్లీట్ వాగు పక్క తడి మట్టి కాబట్టి కలప చివకలేదు.

వేపచెట్టు:
ఎముకలను అద్దాల పెట్టెలో పెట్టడం నాకు నచ్చదు. వాళ్లూ ఒకరి బిడ్డలే.

రాతిపలక:
మీ బాధ అర్థమైంది. కానీ వదిలేస్తే భద్రంగా ఉంటాయనుకోకండి. 2017లో సదర్క్‌లో దొరికిన రాతి పేటిక మూతను దొంగలు ఎప్పుడో జరిపేశారు. రోమన్లే పాత సమాధిరాళ్లను కోట గోడలో వాడుకున్నారు. స్థానిక రాణి బౌడికా రోమన్లపై చేసిన తిరుగుబాటు తరువాత ఇక్కడి రోమన్ ఖజానా చూసిన క్లాసిసియానస్ సమాధి ముక్కలు 1852లో కొన్ని, 1935లో మరికొన్ని అలాగే దొరికాయి. దాన్ని కట్టించిన భార్య జూలియా పకాటా పేరు ఇప్పటికీ చదవవచ్చు.

వేపచెట్టు:
పేరున్న రాయి అయితే తప్పక చూస్తాను. ఎక్కడుంది?

గోదారిగట్టు:
బ్రిటిష్ మ్యూజియంలో, రోమన్ బ్రిటన్ గదిలో.