కరాటే నేర్పేవారిని ఏమనాలి: మాస్టరా, మాస్టారా, సెన్సెయ్యా?

ప్రశ్న (విజయనగరం నుంచి): మా స్కూల్లో కరాటే నేర్పే ఆయనకు వార్షికోత్సవంలో సన్మానం పెట్టారు. సన్మానపత్రం తెలుగులో రాసే పని నా నెత్తిన పడింది. పిల్లలు ‘సెన్సెయ్’ అంటారు, తల్లిదండ్రులు ‘మాస్టర్’ అంటారు. హెడ్మాస్టారేమో ‘గురువర్యులు’ అని వెయ్యమంటున్నారు. ఏది వేస్తే బాగుంటుంది?

జవాబు: ‘మాస్టారు’ అని వెయ్యండి. క్రియ కలిపి చూడండి, మీకే తెలుస్తుంది. ‘మాస్టర్ వచ్చాడు’, ‘మాస్టర్ వచ్చారు’ రెండూ వింటాం. ‘మాస్టారు వచ్చాడు’ అనడానికి మాత్రం నోరు రాదు. మనం ఇచ్చే గౌరవమంతా ఆ చివరి ‘ఆరు’లో ఉంది. పిల్లవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు, క్రియ దానంతటదే ‘వచ్చారు’ అయిపోతుంది.

‘సెన్సెయ్’ మంచి మాటే. జపాన్‌లో అది కరాటే ఒక్కదానికే కాదు, బడిపంతులూ డాక్టరూ కూడా సెన్సెయ్‌లే. అక్షరాల చూస్తే ‘ముందు పుట్టినవారు’ అని. మన ‘గారు’లాగే పేరు తర్వాత వస్తుంది. అది ఎదుటివాళ్లు అనాల్సిన మాట, తనకు తాను తగిలించుకునేది కాదు. మన సంతకం చివర మనమే ‘గారు’ పెట్టుకోం కదా! ఇక్కడి ఫ్లెక్సీల మీద మాత్రం ‘సెన్సెయ్ ఫలానా’, ‘గ్రాండ్ మాస్టర్ ఫలానా’ అని వాళ్లే వేయించుకుంటున్నారు. చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

వ్యాఖ్య (ఆమదాలవలస నుంచి): ‘ఓస్’ సంగతి కూడా చెప్పండి. కరాటే క్లాసులో మాస్టారు ఏం చెప్పినా పిల్లలు నడుం వంచి ‘ఓస్!’ అంటారు. చిత్తం, అలాగేనండి అన్నట్టు. మన భాషలో ‘ఓస్, ఇంతేనా!’ అంటే పూర్తి తీసిపారేయడం. మా అమ్మ ఓసారి మనవణ్ణి దింపడానికి వెళ్లి, ‘పెద్దాయన అంత కష్టపడి చెప్తంటే ఓస్ అంటాడేటి ఈడు!’ అని అక్కడే వాడికి ఒక్కటి వేసింది. మాస్టారు నవ్వాపుకోలేక పక్కకి తిరిగిపోయారు.

జవాబు: అద్భుతం! నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

వ్యాఖ్య (శ్రీకాకుళం నుంచి): ‘వస్తాదు’ని ఎందుకు వదిలేశారు? ఉస్తాద్ అంటే గురువే. తాలింఖానాలో పట్లు నేర్పేవాడు వస్తాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామమూర్తి నాయుడుగారిలా తాను బలప్రదర్శనలిస్తూ, బడిలో వ్యాయామం కూడా నేర్పినవారికి ఆ మాట అన్నివిధాలా చెల్లుతుంది.

జవాబు: చెల్లుతుంది, ఆయనకు. కానీ ఇవాళ వస్తాదు అంటే జనానికి కండలే గుర్తొస్తాయి, నేర్పడం గుర్తురాదు. ‘పెద్ద వస్తాదు బయల్దేరాడు’ అని వెటకారానికీ వాడుతున్నాం. సన్మానపత్రంలో పెడితే ఆయన ఏమనుకుంటారో!

‘గురువు’తో మన వైపు ఇంకో తిరకాసు ఉంది. సిరిమాను పండక్కి కర్రసాము వేసే కుర్రాళ్లు నేర్పినాయన్ని ‘గురువుగారూ’ అంటారు. పక్కవాణ్ణి ‘ఏటి గురూ, కర్ర అలా తిప్పీసినావు?’ అంటారు. ఒకే మాట. ‘గారు’ ఉంటే పాదాలకు దండం, లేకపోతే భుజం మీద చెయ్యి. సెన్సెయ్‌కి ఇలాంటి చనువు రూపం మన దగ్గర పుట్టలేదు. జపనీస్‌లో సీనియర్ని ‘సెన్‌పాయ్’ అనాలని క్లాసులో చెప్తారు గానీ, మన పిల్లలు ‘అన్నా’, ‘అక్కా’ అనే పిలుస్తారు. నాకైతే అదే బాగుంటుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే హెడ్మాస్టారికి ఏం చెప్పను?

జవాబు: ఆయన మాట తీసెయ్యకండి. మొదటి వాక్యంలో ‘గురువర్యులకు’ అని ఒకసారి రాసి, పేరు ముందు ‘కరాటే మాస్టారు శ్రీ’ అని వెయ్యండి. ఆ తర్వాత బ్లాక్ బెల్ట్, అందులో ఎన్నో డాన్ (అంటే ఎన్నో మెట్టు) అన్నది. యుద్ధవిద్యల్లో డాన్ వరస మొదట జూడోలో వచ్చింది. 1924లో కరాటే గురువు ఫునాకోషి గిచిన్ దాన్ని కరాటేకి తెచ్చారు. ఆ అంకె దగ్గర వాళ్లకు పట్టింపు ఎక్కువ. మూడో డాన్ ఆయనకు రెండు అని అచ్చేస్తే, ఎన్ని బిరుదులు తగిలించినా లాభం లేదు. ప్రెస్సుకు పంపే ముందు ఆయన్నే అడిగి రాసుకోండి.