చిన్న దొంగతనం కేసు: ఒప్పుకుని బయటపడాలా, తీయలేదని నిలబడాలా?

ఏలూరు_అన్న

మా తమ్ముడికి 20 ఏళ్లు. ఒక సూపర్ మార్కెట్‌లో స్టాకు సర్దే పని చేసేవాడు. పోయిన నెల లెక్క చూస్తే నెయ్యి ప్యాకెట్లు, షాంపూలు కలిపి 3,400 రూపాయల సరుకు తగ్గిందట. వీడు వెనక తలుపు నుంచి అట్టపెట్టె తీసుకెళ్తున్నట్టు కెమెరాలో ఉందని మేనేజరు అన్నాడు. ఖాళీ పెట్టెలు రోజూ ఆ తలుపు నుంచే పారేస్తాం అంటాడు తమ్ముడు. గోడౌన్ గదిలో కూర్చోబెట్టి, ఫోన్ లాక్కుని, "నేనే తీశాను, డబ్బు కడతాను" అని తెల్లకాగితం మీద రాయించుకున్నారు. తర్వాత కంప్లైంట్ ఇచ్చారు. ఎఫ్ఐఆర్ అయింది, అరెస్టు చేయలేదు, నోటీసు ఇచ్చి పంపారు.

స్టేషన్ దగ్గర ఒకాయన చెప్పిన మాట మా ఇంట్లో గొడవ పెట్టింది. "కొత్త చట్టంలో 5 వేల లోపు దొంగతనానికి జైలు లేదు, సమాజ సేవే. కోర్టులో ఒప్పుకుంటే ఒక్క వాయిదాలో అయిపోతుంది" అన్నాడు. నాన్న సరే అంటున్నారు. తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాడు, చేయని పనికి ఎందుకు ఒప్పుకోవాలి అని నేను. మీరేమంటారు?

తెనాలి_కిరాణా

తమ్ముడూ, మీ వాడు తీశాడో లేదో నాకు తెలీదు, నేను యజమాని వైపు నుంచి చెప్తాను. మాకు మిగిలేది నూటికి నాలుగైదు రూపాయలు. 3,400 సరుకు పోతే ఆ నష్టం పూడటానికి ఇంకో డెబ్బై ఎనభై వేల అమ్మకం జరగాలి. పైగా కొత్త చట్టం వచ్చాక 5 వేల లోపు దొంగతనం అంటే మేజిస్ట్రేటు ఆర్డరు లేనిదే పోలీసులు కేసు కట్టడానికి లేదు. మేము ఎవరికి చెప్పుకోవాలి? అందుకే కొంతమంది కాగితాలు రాయించుకుంటారు. మీ వాడు డబ్బు కట్టి, ఒప్పుకుని, ఆ సేవ ఏదో చేసేస్తే రెండు వైపులా పీడ వదులుతుంది. కోర్టుకి తిరిగే ఓపిక మాకూ లేదు.

పల్నాడు_వకీలు

ఏలూరు అన్న గారూ, ముందు ఎఫ్ఐఆర్ కాపీ తీసి సెక్షన్ చూడండి. 303(2) అని ఉందా, 306 అని ఉందా? మీ ఇంట్లో జరుగుతున్న వాదన అంతా ఈ అంకె మీద నిలబడి ఉంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి 303(2): మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం. ఆయన చెప్పిన సమాజ సేవ ఈ సెక్షన్‌కి తగిలించిన మినహాయింపు. సొత్తు విలువ 5 వేల లోపు ఉండాలి, మొదటిసారి శిక్ష పడుతూ ఉండాలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చి ఉండాలి. 306 అంటే గుమాస్తా గానీ పనివాడు గానీ యజమాని సొత్తు దొంగిలించడం. దానికి ఏడేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. అక్కడ సమాజ సేవ మాట లేదు. షాపులో జీతానికి పనిచేసిన కుర్రాడి మీద 306 కట్టడమే ఎక్కువ. 3,400 రూపాయలకే ఎఫ్ఐఆర్ అయిందంటే అదే అయి ఉంటుందని నా లెక్క. అప్పుడు "ఒప్పుకుంటే సేవే" అన్న సలహా నమ్మి బోనెక్కితే ఏం జరుగుతుందో ఆలోచించండి.

సరే, 303 అనే అనుకుందాం. సమాజ సేవ అంటే కేసు కొట్టేసినట్టు కాదు. దోషి అని తేల్చాక వేసే శిక్షల్లో అదొకటి, అంతే. జైలుకి వెళ్లకపోయినా తీర్పులో దోషి అనే ఉంటుంది. ఇంకో సంగతి ఇంట్లో పెద్దాయనకి చెప్పండి. సంహితలో 13వ సెక్షన్ ఉంది. మూడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న ఆస్తి నేరంలో ఒకసారి దోషి అయినవాడు మళ్లీ అలాంటి నేరంలో దోషిగా తేలితే పదేళ్లు, యావజ్జీవం దాకా వేయొచ్చని చట్టంలోనే ఉంది. కోర్టులు చిన్న కేసుల్లో అంత దూరం పోవు, కానీ ఆ తలుపు తెరిచిపెట్టుకోవడం దేనికి?

నిలబడితే మీ వైపు ఏముంది? దొంగతనం రుజువు కావాలంటే దురుద్దేశంతో, యజమాని సమ్మతి లేకుండా, ఆ వస్తువును ఆయన స్వాధీనం నుంచి కదిలించాడని చూపించాలి. స్టాకు లెక్కలో తేడా దానికదే దొంగతనం కాదు. బిల్లింగ్ పొరపాటు కావచ్చు, సప్లయర్ తక్కువ దింపి ఉండొచ్చు, కస్టమర్ జేబులో వేసుకుని పోయి ఉండొచ్చు. పెట్టెలో ఏముందో కెమెరాకి కనబడిందా? సొమ్ము ఎక్కడైనా దొరికిందా? ఈ రెండిటికీ జవాబు లేకపోతే ప్రాసిక్యూషన్ చేతిలో మిగిలేది ఆ తెల్లకాగితమే.

రిటైర్డ్_హెచ్‌సి

వకీలు గారు చట్టం బాగా చెప్పారు. నేను కోర్టు డ్యూటీ చేసినవాణ్ణి, అక్కడ నడిచేది చెప్తాను. వాయిదా అంటే ఉదయం పదిన్నరకి వచ్చి కూర్చోవాలి. సాక్షి రాడు, ఏపీపీ గారు (ప్రభుత్వ లాయరు) సెలవు, మేజిస్ట్రేటు గారు బదిలీ. కూలి పోతుంది, బస్సు చార్జీలు, ఫీజు. ఒక వాయిదాకి రాకపోతే వారంటు. నిర్దోషి అని తేలేసరికి కుర్రాడి వయసు దాటిపోతుంది. పేదవాడికి కేసే శిక్ష అండీ, తీర్పు కాదు. తండ్రి భయంలో న్యాయం ఉంది.

ఇంకొకటి. అతనికిప్పుడు 20. జైలుకి బదులు మంచి నడవడి షరతు మీద వదిలే ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958 కింద 21 లోపు వాళ్లని, బలమైన కారణాలు రాస్తే తప్ప జైలుకి పంపకూడదు. ఆ వయసు లెక్క దోషి అని తేల్చే రోజుకి చూస్తారు. కేసు సాగదీస్తే ఆ రక్షణ పోతుంది. ఇది కూడా తూకం వేయండి.

ఇంటిపని_సంఘం_విశాఖ

హెచ్‌సి గారూ, మీరు చెప్పిన బాధ నిజం. కానీ ఆ బాధ చూపించే ఎంతమంది పనివాళ్ల చేత చేయని తప్పు ఒప్పించారో మాకు తెలుసు. ఇంట్లో గొలుసు కనబడకపోతే మొదటి అనుమానం అంట్లు తోమే మనిషి మీదే. బీరువా వెనక దొరికాక కూడా సారీ చెప్పరు. ఆపాటికి ఆమె మిగతా నాలుగిళ్ల పని కూడా పోయి ఉంటుంది.

లాయరు ఫీజుకి భయపడొద్దు. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఆడవాళ్ల విషయంలో ఇంకో మాట: పొద్దుగూకాక, తెల్లారే లోపు మామూలుగా అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతితో మహిళా ఆఫీసరే చేయాలి.

ఎడిసన్_నుంచి

న్యూజెర్సీ నుంచి రాస్తున్నా. 2024లో ఇక్కడి హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు అమ్మాయిలను ఒక షాపులో కొన్ని వస్తువులకి డబ్బు కట్టలేదని అరెస్టు చేసిన వార్త మీరూ చూసి ఉంటారు. అప్పట్లో చాలామంది "డబ్బు కట్టేసి గిల్టీ అనేస్తే పోయేదిగా" అన్నారు. ఇక్కడ 200 డాలర్ల లోపు షాప్‌లిఫ్టింగ్ చిన్న నేరమే, అయినా ఆరు నెలల దాకా జైలు వేయొచ్చు. అసలు భయం వీసా. గిల్టీ అని ఒప్పుకుని కోర్టు ఏదో ఒక షరతు పెట్టిందంటే, తర్వాత రాష్ట్రం ఆ కేసు తుడిచేసినా ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్ష పడినట్టే. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని లాయరు ముందే చెప్పి తీరాలని ఇక్కడి సుప్రీంకోర్టు 2010లో పడీయా కేసులో చెప్పింది. ఏ దేశమైనా, పూర్తి పర్యవసానం తెలియకుండా ఒప్పుకోవద్దు.

ఏలూరు_అన్న

ఎఫ్ఐఆర్ కాపీ తెచ్చాను. 306 అనే ఉంది. నాన్నకి చూపించాను, చాలాసేపు మాట్లాడలేదు. వకీలు గారూ, ఆ కాగితం సంగతి చెప్పండి. తమ్ముడి చేతిరాతే, సంతకం కూడా ఉంది.

పల్నాడు_వకీలు

పోలీసుకి ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్. కస్టడీలో ఉండి చెప్పింది కూడా, మేజిస్ట్రేటు ఎదుట అయితే తప్ప, చెల్లదు. ఒక్క మినహాయింపు: ముద్దాయి చెప్పిన సమాచారంతో ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాట పనికొస్తుంది. ఎంత మేరకు అన్నది తేల్చిన కేసు మా పల్నాడుదే. పులుకూరి కొట్టయ్య కేసు, 1947, ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు). కత్తి ఇంటి కప్పులో దాచాను, చూపిస్తాను అన్న మాట తీసుకోవచ్చు, దాంతో ఫలానావాణ్ణి పొడిచాను అన్నది తీసుకోకూడదు అన్నారు. ఇప్పటికీ దేశమంతా కోర్టుల్లో చదివేది అదే. మీ తమ్ముడు స్టేషన్‌లో ఖాళీ కాగితం మీద గానీ, తను చూడని పంచనామా మీద గానీ సంతకం పెట్టకూడదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

మేనేజరు రాయించుకున్నది వేరు. అతను పోలీసు కాదు కాబట్టి 23 వర్తించదు. కానీ 22 ఉంది. అధికారం ఉన్న మనిషి బెదిరించో ఆశ చూపించో రాయించుకున్న ఒప్పుకోలు పనికిరాదు. గదిలో ఉంచి ఫోన్ లాక్కోవడం, జీతం ఆపుతామనడం, డబ్బు కడితే కంప్లైంట్ ఇవ్వమనడం, ఇవన్నీ మేనేజరు సాక్ష్యం చెప్పినప్పుడు క్రాస్‌లో (మీ లాయరు వేసే ఎదురు ప్రశ్నల్లో) అడగాలి. ఏ రోజు, ఎన్ని గంటలకి, గదిలో ఎవరెవరు, ఎవరు ఏమన్నారు, తమ్ముడి చేత ఇవాళే రాయించి పెట్టుకోండి. ఆర్నెల్లు పోతే వాడికే గుర్తుండదు.

ఫుటేజీ అంతకన్నా అర్జెంటు. దుకాణాల కెమెరాల్లో పాతది కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది. పెట్టెలు పారేసిన మిగతా రోజుల ఫుటేజీ కూడా భద్రపరచమని షాపుకి, ఎస్ఐ గారికి రిజిస్టర్డ్ పోస్టు పంపండి. రోజూ అదే తలుపు నుంచి అలాగే వెళ్లాడని కనబడితే అదే మీ డిఫెన్సు. చార్జిషీటు కాపీలు అందాక 60 రోజుల్లో డిశ్చార్జి పిటిషన్ (విచారణ లేకుండానే వదిలేయమని) వేయొచ్చు, ఆ గడువు దాటనివ్వకండి.

హెచ్‌సి గారి వయసు పాయింటు సరైనదే. కానీ ఆ చట్టంలోనే 21 దాటినవాళ్లకీ ప్రొబేషన్ ఉంది, యజమాని సొత్తు దొంగతనానికి మందలించి వదిలేసే వీలు కూడా ఉంది. అవి నిజంగా తప్పు చేసినవాడికి ఉపయోగపడాలి. చేయనివాడు వయసు దాటుతుందని ఒప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

తెనాలి_కిరాణా

306 అని నాకు తట్టలేదు. అయినా నా మాట పూర్తిగా కొట్టేయకండి. ఒప్పుకోవద్దు, రాజీ పడొచ్చు కదా? మా బజారులో రెండు కేసులు లోక్ అదాలత్‌లో అలాగే పోయాయి.

పల్నాడు_వకీలు

అది మంచి ప్రశ్న. రాజీ, ఒప్పుకోలు ఒకటి కావు. 303(2) అయితే సొత్తు యజమానే రాజీ పడొచ్చు, 306 కి కోర్టు అనుమతి కావాలి. రాజీ అయితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ప్లీ బార్గెయినింగ్ (శిక్ష తగ్గించమని బేరమాడి నేరం ఒప్పుకోవడం) అలా కాదు, శిక్ష తగ్గుతుంది గానీ దోషి అనే రాస్తారు. రాజీ పత్రంలో "తప్పు చేశాను" అన్న వాక్యం ఉండనివ్వకండి, మధ్యవర్తిత్వం వల్ల వివాదం పరిష్కారమైందని చాలు. షాపు దగ్గరున్న ఆ తెల్లకాగితం అసలు ప్రతి వెనక్కి తీసుకోండి, పోలీసుల దగ్గరుంటే కోర్టు రికార్డులో చూడండి.

కానిస్టేబుల్ దరఖాస్తులో కేసు ఉందా అని అడిగితే, రాజీతో పోయినా, కొట్టేసినా, దాచకుండా రాయాలి. దాచినందుకే ఉద్యోగాలు పోయాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు నిజం చెప్పినవాడి విషయంలో అధికారులు పరిశీలించి నిర్ణయం తీసుకోవాలంది. నిజం రాసి, నిర్దోషి తీర్పు జత చేసినవాడికి అడిగే హక్కు మిగులుతుంది.

రిటైర్డ్_హెచ్‌సి

షాపు వాళ్లు రాజీకి లక్ష అడిగితే?

పల్నాడు_వకీలు

అప్పుడు కేసు నడపాలి. 3,400 సరుకు పోయిందన్నవాళ్లు లక్ష అడిగారని మెసేజ్ గానీ కాల్ రికార్డు గానీ ఉంటే దాచి ఉంచండి. అది కూడా క్రాస్‌లో పనికొస్తుంది.

ఏలూరు_అన్న

సోమవారం మండల కమిటీకి వెళ్తున్నాం. నాన్న కూడా వస్తానన్నారు. పోస్టు రసీదులు రెండూ తీశాను.